కౌంట్ రాబెనావ్ పరామర్శ

హాల్డెన్ రాజు రైన్‌మార్‌కి లోకంలో రెండంటే ప్రాణం. ఒకటి కూతురు హెడ్విగ్, రెండోది కుర్చీ. సింహాసనం అనుకునేరు, కాదు. ఆ సింహాసనాన్ని ఎవరూ అడగలేదు. ఆయన గొడవంతా ఇంటికొచ్చిన అతిథికి వేసే కుర్చీ గురించే. సాటి రాజు వస్తే చేతులున్న కుర్చీ వెయ్యాలి. రాజు కన్నా తక్కువవాడికి చేతుల్లేని కుర్చీ. ఇంకా తక్కువవాడికి ముక్కాలిపీట. అంతకన్నా తక్కువవాళ్ళు గోడకి చేరబడకుండా నిలబడాలి. ఇంత చిన్న విషయానికి మనుషులు ముఖాలు మాడ్చుకుంటారా అని అడిగేవాళ్ళు ఆ రాజుల కొంపల్లో ఒక్క పూట కూడా గడిపి ఉండరు.

హెడ్విగ్ అత్తవారిది టోర్గెన్ రాజ్యం. హాల్డెన్‌కి దక్షిణాన, నది దాటితే వాళ్ళ పొలాలే. మూడు తరాల కిందట టోర్గెన్ వాళ్ళు వట్టి డ్యూకులు. చక్రవర్తి ఏదో యుద్ధంలో చిక్కుకుంటే సైన్యాన్ని పంపి, బదులుగా రాజు అనే బిరుదు పుచ్చుకున్నారు. రైన్‌మార్ వంశంలో రాజులు ఎప్పటినుంచి ఉన్నారో ఆయనకే సరిగ్గా తెలియదు. పిల్లనివ్వడానికి ఆయనకి అభ్యంతరం లేకపోయింది, పిల్లవాడు యోకిమ్ బుద్ధిమంతుడు. కానీ పెళ్ళి విందులో వియ్యంకుడికి చేతుల్లేని కుర్చీ వేయించాడు.

వియ్యంకుడు కుర్చీని చూశాడు. రైన్‌మార్‌ని చూశాడు. కూర్చోలేదు. బాతుమాంసం వచ్చింది, వైన్ వచ్చింది, చక్కెర పాకంతో కట్టిన కోట వచ్చింది, ఆయన నిలబడే ఉన్నాడు. రాజు నిలబడితే ఆయన పరివారం కూడా నిలబడాలి కదా, టోర్గెన్ వాళ్ళంతా అలాగే పళ్ళేల వెనక కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. విందు అవగానే కోడల్ని బండెక్కించుకుని వెళ్ళిపోయారు. హెడ్విగ్ బండి కిటికీలోంచి తల బయటపెట్టి, కనుమరుగయ్యేదాకా తండ్రినే చూస్తూ వెళ్ళింది.

ఆనాటితో రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. తర్వాత ఆ వియ్యంకుడు చనిపోతూ కొడుకు యోకిమ్ చేత ఒట్టు వేయించుకున్నాడు. హాల్డెన్ రాజు తన నోటితో "మీరు మాకు సమానులు" అనేదాకా ఆయన్ని రాజుగా గడప తొక్కనివ్వకూడదని. ఆ మాట రైన్‌మార్ చెవిన పడితే భోజనాల బల్ల దగ్గర పగలబడి నవ్వాడు. "చచ్చిపోతూ కూడా కుర్చీయే అడిగాడా!" అన్నాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. రాజు నవ్వితే నవ్వక ఏం చేస్తారు?

హెడ్విగ్‌కి తొలి బిడ్డ పుట్టి పోయింది. రెండో బిడ్డా పోయింది. రెండుసార్లూ రైన్‌మార్ కొలువంతటికీ నల్లబట్టలు కట్టించాడు, అద్దాలకి గుడ్డలు కప్పించాడు, తను గదిలో తలుపేసుకుని ఏడ్చాడు. అన్నీ చేశాడు గానీ బండి ఎక్కలేదు. ఎక్కితే ఆ ఇంట్లో ఏ కుర్చీలో కూర్చోవాలి?

మంచు కరిగే రోజుల్లో కబురొచ్చింది. హెడ్విగ్ మళ్ళీ ప్రసవించింది. ఈసారి మగపిల్లవాడు, బాగున్నాడు. తల్లికి మాత్రం జ్వరం పట్టుకుంది, దిగడం లేదు. నాన్నని చూడాలని ఉందంటోంది.

రైన్‌మార్ కబురు విని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన వెనకాల ట్రోసావ్ ఉన్నాడు. ట్రోసావ్ చిన్నప్పటినుంచి రాజు బట్టలూ రహస్యాలూ చూసుకునే ముసలి ప్రభువు, నోరు కాస్త జాస్తి.

"బండి సిద్ధం చేయించనా, ప్రభూ?"

"ఏమని వెళ్ళనోయ్? వెళ్ళి ఆ కుర్రాడి ముందు తల వంచమంటావా?"

"తల వంచమనలేదు. పేరు మార్చమంటున్నాను."

రాజులు మారుపేరుతో ప్రయాణాలు చెయ్యడం ఆ దేశాల్లో కొత్తేం కాదు. పేరు మార్చుకున్నంతసేపూ రాజు రాజు కాడు. ఫిరంగులు పేల్చక్కర్లేదు, మెట్లు దిగి ఎదురు రానక్కర్లేదు, ఎవరు కుడివైపు నడవాలని తగువులాడక్కర్లేదు. వచ్చింది ఎవరో అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉంటారు. దీన్ని మోసం అనరు, మర్యాద అంటారు. రైన్‌మార్‌కి రాబెనావ్ అనే చోట చేపల చెరువూ, ఓ పాత ఇల్లూ ఉన్నాయి. ఆ పూటనుంచి ఆయన ఆ ఊరి చిన్న ప్రభువు, కౌంట్ రాబెనావ్ అయ్యాడు.

"చూశావా, ఎంత తేలికో!" అన్నాడు బండిలో. చాలా ఏళ్ళ తర్వాత ఆయన ముఖంలో ఉత్సాహం కనపడింది. "ఇన్నాళ్ళూ ఈ ఆలోచన ఎందుకు చెప్పలేదురా, దుర్మార్గుడా?"

"తమరు అడగలేదు, కౌంట్ గారూ," అన్నాడు ట్రోసావ్.

దారిలో గుర్రాలు మార్చడానికి ఒక సత్రం దగ్గర ఆగారు. సత్రం నడిపే ఆవిడ లావుపాటి మనిషి, చేతులు పిండిలో ఉన్నాయి. రైన్‌మార్ లోపలికి రాగానే గట్టిగా కేకేసింది.

"ఆ బురద బూట్లతో ఎక్కడికి? ఇప్పుడే కడిగాను నేల!"

"ఈయన కౌంట్ గారమ్మా," అన్నాడు ట్రోసావ్.

"కౌంట్ అయితే బురద అంటదా? తుడుచుకుని రమ్మనండి."

కౌంట్ బుద్ధిగా బూట్లు తుడుచుకున్నాడు. ఆవిడ బార్లీ జావా, నల్లరొట్టే తెచ్చిపెట్టింది. ఆయన ఇష్టంగా తింటుంటే ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఎంతదూరం పోతున్నారు?"

"టోర్గెన్‌కి. మా అమ్మాయికి ఒంట్లో బాగాలేదు. బాలింత జ్వరం."

ఆవిడ ముఖం మారిపోయింది. "బాలింత జ్వరమా! మరి తీరిగ్గా కూర్చుని జావ తాగుతున్నారేంటయ్యా? లేవండి, లేవండి! నా కూతురైతే వట్టికాళ్ళతో పరిగెత్తేదాన్ని." గిన్నె లాగేసుకుని, రొట్టె గుడ్డలో చుట్టి చేతిలో పెట్టి, గుర్రాలవాళ్ళని తిట్టడానికి బయటికి పరిగెత్తింది.

బండి సత్రం దాటి చాలా దూరం వచ్చింది. రొట్టె మూట రైన్‌మార్ ఒళ్ళోనే ఉంది. "నన్నెవరూ ఇలా లేవమనలేదోయ్," అన్నాడు చివరికి. ట్రోసావ్ కిటికీ బయటికి చూశాడు. ఎవరు లేవమంటారు, అలా అన్నవాడు మర్నాడు కొలువులో ఉంటాడా?

టోర్గెన్ కోటకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పక్కవాకిట్లో బండి దిగారు. మేడమీద పొడుగాటి వసారాలో అల్లుడు యోకిమ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది, తలమీద విగ్గు లేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రైన్‌మార్ గుర్తుపెట్టుకున్న ఆ మెత్తటి కుర్రాడు కాదు ఇతను.

"మామగారూ అని పిలవమంటారా, కౌంట్ గారూ అని పిలవమంటారా?" అన్నాడు యోకిమ్.

"వచ్చింది కౌంట్ రాబెనావ్."

యోకిమ్ తల పంకించాడు. ట్రోసావ్‌ని కాస్త దూరంగా ఉండమని సైగ చేసి, గొంతు తగ్గించాడు. "వైద్యులు పెదవి విరిచేశారు. ఇవాళ గడవచ్చు, గడవకపోవచ్చు. మీరు కౌంట్‌గా లోపలికి వెళ్తే దర్శనం వేళలో అందరితో పాటు వెళ్ళాలి. మంచం చుట్టూ కట్టిన కటకటాకి అవతలే నిలబడాలి. ఆమెను తాకకూడదు, ఆమె అడిగితే తప్ప మాట్లాడకూడదు. ఆ గదిలో వంద కళ్ళు ఉంటాయి, మీకు తెలియంది కాదు."

"తెలుసు."

"మా నాన్నకి ఒట్టు వేశాను. దాన్ని తప్పలేను. కానీ మీరు ఒక్క మాట అనండి. ఇక్కడే, నాతోనే. ఈ ఇల్లు మీ ఇంటికి సమానమని. ఎవరికీ చాటించను. నేనే తలుపు తీస్తాను. మీరు తండ్రిగా లోపలికి వెళ్ళి, మంచమ్మీద కూర్చోండి, చెయ్యి పట్టుకోండి. ఒక్క మాట మామగారూ."

ఎంత చిన్న మాట! రైన్‌మార్ నోరు తెరిచాడు కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆయన తండ్రీ, తాతా, ముత్తాతా అందరూ వరసగా నిలబడి దాన్ని వెనక్కి నెట్టేశారు. నిన్నమొన్నటి డ్యూకులకి సమానమా! అదీ ఈ బోసి తలవాడు అడిగితే! ఆ ముసలివాడు గోరీలో లేచి కూర్చుని నవ్వడూ!

"కౌంట్‌గానే వెళ్తాను," అన్నాడు. "ఏ పేరుతో వెళ్తే ఏం, నా కూతురికి నేను తెలియనా?"

యోకిమ్ పక్కకి తప్పుకున్నాడు.

దర్శనం వేళ అయ్యింది. రాణీగారి గదిలో కిటికీలు బిగించి ఉన్నాయి, పొయ్యి మండుతోంది, వెనిగర్ వాసన ముక్కు పగలగొడుతోంది. గోడల వెంబడి ఆడవాళ్ళూ మగవాళ్ళూ కిక్కిరిసి ఉన్నారు. మంచం చుట్టూ నడుమెత్తు బంగారు పూత కటకటా. దాని లోపల ఎల్స్‌నిట్జ్ దొరసాని నిటారుగా నిలబడి ఉంది. రాణీగారి పడకగది పెత్తనమంతా ఆమెదే.

"హాల్డెన్ దేశం నుంచి కౌంట్ రాబెనావ్," అని దొరసాని పలికింది.

రైన్‌మార్ పద్ధతి ప్రకారం మూడుసార్లు వంగాడు. మూడోసారి మోకాలు పట్టేసింది. తలెత్తి చూశాడు. దిండ్ల మధ్య ఓ చిన్న ముఖం. బుగ్గలు మాత్రం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టే ఉన్నాయి, అదంతా జ్వరం. జుట్టు చక్కగా దువ్వి, నీలం రిబ్బను కట్టారు.

హెడ్విగ్ ఆయన్ని చూసింది. ముఖమంతా వెలిగిపోయింది. మోచేతుల మీద లేవబోయింది. పెదవులు కదిలాయి. అప్పుడు ఆమె చూపు ఆయన మామూలు కోటు మీదికి, పతకం లేని రొమ్ము మీదికి, కటకటాకి అవతల ఉన్న ఆయన పాదాల మీదికి వెళ్ళింది. మెల్లగా మళ్ళీ దిండ్లలోకి ఒరిగింది. రాజు బిడ్డ, రాజు భార్య, ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

"కౌంట్ గారూ," అంది. "ఇంకాస్త దగ్గరికి రండి."

"కటకటా దాకానే, మహారాణీ," అంది ఎల్స్‌నిట్జ్ దొరసాని.

"అక్కడికే రమ్మన్నాను. దారి బాగుందా కౌంట్ గారూ? నది మీద మంచు కరిగిందా?"

"కరిగింది, మహారాణీ."

"మా నాన్న ఎలా ఉన్నారు? మోకాలి నొప్పి తగ్గిందా?"

"తగ్గింది."

"అబద్ధం," అంది ఆమె, నవ్వు లాంటిది పెదవుల మీదికి వచ్చింది. "ఆయన ఎవరికీ చెప్పరు. మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుని, బొమ్మలు చూస్తున్నట్టు ఆగుతారు. మీరెప్పుడైనా గమనించారా?"

గదిలో ఎవరో సన్నగా దగ్గారు. తలుపు దగ్గర యోకిమ్ నిలబడి ఆయన్నే చూస్తున్నాడు.

"మీకు పిల్లలున్నారా, కౌంట్ గారూ?"

"ఒక్కతే కూతురు."

"ఆమెని చూడటానికి వెళ్తుంటారా?"

ఆ ప్రశ్నకి మర్యాదల పుస్తకాల్లో ఎక్కడా జవాబు లేదు. ఆయన కటకటాని రెండు చేతులతో పట్టుకున్నాడు. దొరసాని ఆ చేతుల వంక గుర్రుగా చూసింది.

హెడ్విగ్ ఊపిరి కూడదీసుకుంది. "మా నాన్న ఎందుకు రాలేదు?" అంది. ఈసారి గొంతు రాణిది కాదు. అడగడం అయ్యాక కూడా చూపు తిప్పుకోలేదు. ఆమె ఏం కోరుతోందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, గోడ పక్కన పళ్ళెం పట్టుకున్న పనిమనిషికి కూడా తెలుసు. ఆ కటకటా నడుమెత్తే. చిన్నపిల్లలు కూడా దాటగలరు.

రైన్‌మార్ చుట్టూ చూశాడు. అదే ఆయన చేసిన తప్పు. కూతుర్నే చూస్తూ ఉంటే దాటేసి ఉండేవాడు. చుట్టూ చూశాడు, టోర్గెన్ ముఖాలు కనిపించాయి, ఆనాడు పళ్ళేల వెనక నిలబడ్డ ముఖాలే కొన్ని. అందరూ హాల్డెన్ రాజు లొంగుతాడా లేదా అని కాచుకుని ఉన్నారు.

"రాచకార్యాలు, మహారాణీ," అన్నాడు.

హెడ్విగ్ కళ్ళు మూసుకుంది.

"అవును," అంది. "ఆయనకి ఎప్పుడూ అవే. నాకు కోపం లేదని చెప్పకండి ఆయనతో. ఉంది. చాలా ఉంది. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టాను, రాలేదు. ఇంకో మాట కూడా చెప్పండి. పొద్దున హాల్డెన్ బండి వస్తోందన్నారు. నాన్నే అనుకున్నాను. ఇలా చూస్తే భయపడతారని జుట్టు దువ్వించుకున్నాను. ఓపిక లేకపోయినా కూర్చుని దువ్వించుకున్నాను. అది చెప్పండి."

"చెప్తాను."

"సరే, వెళ్ళి రండి, కౌంట్ గారూ."

వెనక్కి నడుస్తూ మూడుసార్లు వంగాలి. వంగాడు. తలుపు మూసుకుంది.

బయట వసారాలో ట్రోసావ్ ఎదురొచ్చాడు. రాజు ముఖం చూసి, యాభై ఏళ్ళుగా అనని మాట అన్నాడు. "నువ్వు మనిషివేనా?" అన్నాడు. "లోపలికి పో! పో!"

ఆ మాటకి కాదు, అప్పటికే రైన్‌మార్ మోకాళ్ళ మీద కూలిపోయాడు. ఏడుపు గొంతులోంచి కాదు, ఇంకెక్కడినుంచో వస్తోంది. యోకిమ్ పరిగెత్తుకొచ్చి భుజాలు పట్టుకున్నాడు. "సమానం నాయనా," అన్నాడు రైన్‌మార్. "సమానం ఏమిటి, నువ్వే ఎక్కువ. మీ నాన్న ఎక్కువ. నీ ఇంట్లో కుక్క కూడా నాకన్నా ఎక్కువ. ఏది కావాలంటే అది రాసిస్తాను. తలుపు తియ్యి."

యోకిమ్ తలుపు తీశాడు. అందర్నీ బయటికి పంపేశాడు, ఎల్స్‌నిట్జ్ దొరసానితో సహా. ఆవిడ ఏదో అనబోతే "బయటికి!" అని అరిచాడు. రైన్‌మార్ కటకటా తలుపు గడియ కూడా తియ్యలేదు, ముసలి కాళ్ళతో దాన్ని ఎక్కి దాటాడు, కోటు చిరిగింది. మంచమ్మీద కూర్చుని కూతురి చెయ్యి తీసుకున్నాడు. ఆ చెయ్యి పొయ్యిలో పెట్టి తీసినట్టు కాలుతోంది.

"అమ్మా, నేనే. నాన్నని. చూడమ్మా, వచ్చాను."

హెడ్విగ్ కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు ఆయన మీద నిలవడం లేదు. ఈ కాస్త సేపట్లోనే జ్వరం తలకెక్కింది. ఇందాక ఒక్క చూపులో పోల్చుకున్న మనిషిని ఇప్పుడు ఎంత చూసినా పోల్చుకోలేకపోయింది.

"కౌంట్ గారూ," అంది. "అప్పుడే వెళ్ళొచ్చారా? మా నాన్నతో చెప్పారా?"

రైన్‌మార్ యోకిమ్ వంక చూశాడు. యోకిమ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నేనేనమ్మా నాన్నని," అన్నాడు మళ్ళీ. ముఖం దగ్గరగా పెట్టాడు. "హెడ్విగ్, నన్ను చూడు. నా గొంతు విను."

"చెప్పారా?" అని అడిగింది ఆమె, కంగారుగా. చెయ్యి లాక్కోబోయింది. "చెప్పలేదా? చెప్తానన్నారు కదా."

"చెప్పాను తల్లీ," అన్నాడు.

"ఏమన్నారు?"

"ఏడ్చారు. బయల్దేరారు. వస్తున్నారు, దారిలో ఉన్నారు."

ఆమె చెయ్యి నెమ్మదించింది. "అయితే నన్ను నిద్రపోనివ్వకండి, కౌంట్ గారూ," అంది. "ఆయన వచ్చేసరికి మెలకువగా ఉండాలి."

"అలాగేనమ్మా," అన్నాడు రైన్‌మార్.

పొద్దు వాలేదాకా ఆయన ఆమెని పలకరిస్తూనే ఉన్నాడు. పిలిచినప్పుడల్లా ఆమె కళ్ళు తెరిచి, ఆయన్ని దాటి తలుపువైపు చూసి, మళ్ళీ మూసుకునేది. కడసారి పిలిచినప్పుడు కూడా తలుపువైపే చూసింది.